కొండెక్కిన కర్టెన్

“అసలు నేనేం అడిగాను? కర్టెన్ లేకపోతే నేనెక్కడ కూర్చోవాలి అని అడిగాను. అంతేగా?” అన్నాడు బాబాయి.

“సోఫాలోనే కూర్చోండి. సోఫాని ఎవరూ తీసుకెళ్ళడం లేదు,” అంది పిన్ని. ఆవిడ స్టూలు మీద నిలబడి కర్టెన్ రాడ్డులోంచి రింగులు ఒక్కొక్కటే లాగుతోంది.

“ఎదురింటావిడ కిటికీ సరిగ్గా మన కిటికీకి ఎదురు. వాళ్ళకీ కర్టెన్ లేదు. ఆదివారం పూట మనిషి బనీనులో ఉంటాడు.”

“చొక్కా వేసుకోండి.”

“ఆదివారమా!” అన్నాడు బాబాయి, ఉపవాసం ఉండమన్నంత బాధగా.

ఈ వాదన కాఫీలకు ముందే మొదలైంది. చిట్టి స్టూలు పట్టుకుని నిలబడింది. ఈ గొడవంతా తన మూలంగానే అని ఆ అమ్మాయికి తెలుసు. పసుపురంగు పొద్దుతిరుగుడు పూలున్న ఆ కర్టెన్ ఆఖరి రింగు కూడా వదిలి పిన్ని భుజం మీద పడింది. హాల్లోకి ఎండ, ఎదురింటి వంటగది, అందులో గిన్నె తోముతున్న ఎదురింటావిడ, మూడూ ఒకేసారి కనిపించాయి. బాబాయి దిండు తీసుకుని గుండెలకు అడ్డం పెట్టుకున్నాడు.

“ఆ దిండు కూడా ఇవ్వండి, తీసుకెళ్ళాలి,” అంది పిన్ని.

చిట్టి పిన్నికి స్వయానా అక్క కూతురు. పైచదువుకని ఈ దేశం వచ్చి పిన్ని ఇంట్లోనే ఉంటోంది. వాళ్ళమ్మ పంపించేటప్పుడు ఒకటే షరతు పెట్టింది. నీళ్ళు, కొండలు, అడవులు, వీటి జోలికి పోకూడదు. “ఒక్కసారి కొండెక్కావని తెలిసిందా, ఆ సాయంత్రమే టికెట్ కొంటాను. ఇంటికొచ్చి లెక్కల కోర్సులో చేరుదువుగాని,” అంది. అమ్మ అన్నంత పనీ చేసే రకం. చిన్నప్పుడు చిట్టి పెరటిగోడ మీద పచ్చగా పట్టిన నాచును దగ్గరగా చూద్దామని గోడెక్కి, ఆ నాచు మీదే జారి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళిన రోజును అమ్మ మరిచిపోలేదు. చిట్టి మటుకు నాచును మరిచిపోలేదు. ఇప్పుడు చదువుతున్నది కూడా దాని గురించే. “మొక్కల చదువమ్మా” అని చెబితే అమ్మ కుండీల్లో మొక్కలనుకుని సంతోషించింది.

నాచు కుండీల్లో పెరగదు. మంచు పడకముందు ఒక్కసారైనా కొండెక్కి, అక్కడి రాళ్ళ మీద నాచు సేకరించి తేకపోతే పరీక్షకు కూర్చోనివ్వమని కాలేజీలో ఖచ్చితంగా చెప్పేశారు. ఆ ప్రయాణం ఈ ఆదివారమే పడింది.

ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసే రోజు. ఇక్కడి పొద్దున పదకొండు గంటలకు అటు అమ్మ, నాన్న, అమ్మమ్మ, ఇటు పిన్ని, చిట్టి కూర్చోవాలి. ఎత్తకపోతే అంతే సంగతులు. ఒకసారి పిన్ని ఫోన్ చార్జింగ్ అయిపోతే అమ్మ కాలేజీకి, పక్కింటికి, చివరికి బాబాయి ఆఫీసు మేనేజరుకు కూడా ఫోన్ చేసింది. ఆ మేనేజరు ఇప్పటికీ బాబాయి కనబడితే “మీవాళ్ళు దొరికారా?” అని అడుగుతాడు. పోనీ వీడియో లేకుండా మాట్లాడదామంటే, “మొహం చూడకుండా మాట్లాడ్డానికి ఉత్తరం రాసుకోవచ్చుగా” అంటుంది అమ్మ. ఫోన్‌లో వెనక దృశ్యం మార్చే ఏర్పాటు ఉందని చిట్టి పిన్ని మీద ప్రయోగించి చూసింది. పిన్ని చెవి ఒకటి మాయమైంది.

“కంటికి రెప్పలా చూసుకుంటానక్కా, నా కళ్ళముందు నుంచి కదలనివ్వను” అని అక్కకు మాటిచ్చింది పిన్ని. మాట తప్పడం ఆవిడకు చేతకాదు. చిట్టి కొండెక్కితే తనూ ఎక్కాల్సిందేనని తీర్మానించింది. అబద్ధం ఆడటం మాత్రం ఆవిడకు కొంచెం చేతనవును. ఆ కొంచెంలోంచే ఈ కర్టెన్ ఆలోచన పుట్టింది. ఆదివారం ఆదివారం పిన్ని ఆ పొద్దుతిరుగుడు పూల ముందే కూర్చుంటుంది. ఆ పూలు కనిపిస్తే చాలు, చెల్లెలు ఇంట్లో ఉన్నట్టే అక్కకు లెక్క.

“మీరు మాత్రం ఫోన్ మోగినా ఎత్తొద్దు,” అని బాబాయికి చెప్పి, కర్టెన్, సోఫా దిండు, బట్టల క్లిప్పులు, ఫ్లాస్కు సంచిలో సర్దింది. గోడ గడియారం కూడా దించబోతుంటే చిట్టి ఆపింది.

*

కాలేజీ బస్సు కొండ కింద దింపేసరికి మంచి చలిగా ఉంది. ఈ నాచు పాఠం చెప్పే ప్రొఫెసరమ్మను చిట్టి ఇంట్లో ‘నాచు మేడమ్’ అంటుంది. తల నెరిసిన మనిషి, పొడుగ్గా, ఎండుపుల్లలా ఉంటుంది. వంటింట్లోకి వెళ్ళినంత తేలిగ్గా కొండెక్కుతుంది. చీర మీద వానకోటు, దాని కింద చిట్టి పాత బూట్లు, చెవుల దాకా ఉన్ని టోపీ వేసుకుని వచ్చిన పిన్నిని ఆవిడ ఆపాదమస్తకం చూసింది.

“మీరు కూడా నాచు మీద పరిశోధన చేస్తున్నారా?” అని అడిగింది మర్యాదగా, తన భాషలో.

“ఈ పిల్ల మీద,” అంది పిన్ని అదే భాషలో, కూరగాయల కొట్లో నేర్చుకున్న ధాటితో.

దారి మొదట్లో చెట్ల మధ్య నుంచి బాగానే సాగింది. తర్వాత అది దారిలా లేదు, గోడలా ఉంది. పిన్ని ఇంటి నుంచి కూరల కొట్టుకు, కొట్టు నుంచి ఇంటికి తప్ప నడిచిన మనిషి కాదు.

“ఇంకెంత దూరమే?”

“అదిగో ఆ మలుపు తిరిగితే వచ్చేసినట్టే పిన్నీ.”

ఆ మలుపు తిరిగితే ఇంకో మలుపు కనిపించింది.

“చూడు చిట్టీ, మీ అమ్మకి అబద్ధాలు చెప్పు, నేనేమీ అనను. నాకు చెప్పావంటే ఇక్కడే కూలబడతాను.”

“సరే. ఇంకా చాలా దూరం ఉంది.”

“అదే చెప్పమన్నానుటే!” అంది పిన్ని ఏడుపు గొంతుతో.

చిట్టి ఆ సంచి కూడా తన వీపునే వేసుకుంది. అడుగడుగునా ఆగి రాళ్ళ మీదికి వంగి, భూతద్దం పెట్టి చూసి, చిన్న చిన్న కవర్లలోకి నాచు తీసుకుంటూ, మళ్ళీ పరుగున వచ్చి పిన్నిని కలుసుకుంటోంది. ఇంట్లో మంచం మీద నుంచి లేవడానికి బద్ధకించే పిల్ల ఇదేనా అని పిన్ని ఆశ్చర్యపోయింది. ఆశ్చర్యపోవడానికైనా ఊపిరి కావాలి కనక ఎక్కువసేపు పోలేదు.

చెట్ల నీడలో గాలి లేకుండా చక్కటి చోటు ఒకటి కనిపించింది. అక్కడ కర్టెన్ కట్టొచ్చు, కానీ ఫోన్‌కు సిగ్నల్ లేదు. సిగ్నల్ దొరకాలంటే ఇంకా పైన కొండ భుజం దాకా వెళ్ళాలంది నాచు మేడమ్. వెళ్ళారు. అక్కడ సిగ్నల్ పుష్కలంగా ఉంది. గాలి కూడా అంతే పుష్కలంగా ఉంది. చెట్టు మాత్రం ఒక్కటే ఉంది, అదీ మనిషెత్తు చెట్టు.

కర్టెన్ ఒక కొసను బట్టల క్లిప్పులతో చెట్టుకు తగిలించారు. రెండో కొసకు ఏ ఆధారమూ లేదు. చిట్టి చేతులు నలుపుకుంటూ నాచు మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

“మేడమ్, ప్రతి ఆదివారం ఈ వేళకి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆ గుడ్డ కట్టి, దాని ముందు కూర్చోవాలి. కాసేపు ఎవరూ మాట్లాడకుండా ఉంటే...”

సంగతి పూర్తిగా చెప్పేలోపే నాచు మేడమ్ ముఖంలో గొప్ప భక్తి కనిపించింది. “అర్థమైంది. ఇలాంటివి గౌరవించాలి,” అని వెంటనే విద్యార్థుల వైపు తిరిగి టోపీలు తీయించింది. అందరినీ చేతులు కట్టుకుని వరసగా నిలబడమంది. తనే స్వయంగా వెళ్ళి కర్టెన్ రెండో కొసను నడక కర్రకు చుట్టి, ఆ కర్రను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, కర్టెన్ వెనక విగ్రహంలా నిలబడింది. అది పూజ కాదని చెప్పడానికి చిట్టి నోరు తెరిచేసరికి ఫోన్ మోగింది.

పిన్ని వానకోటు, టోపీ విప్పి అవతల పారేసి, రాతి మీద దిండు వేసుకుని కూర్చుంది. చిట్టి ఫోన్‌ను ఎదురుగా రెండు రాళ్ళ మధ్య ఇరికించి, పిన్ని పక్కన చేరి, చేతి తొడుగులు వెనక దాచుకుంది.

*

తెర మీద అమ్మ కనిపించింది. తలంతా తడిగా ఉంది. మెడ దాకా శాలువా కప్పుకుంది. ఆవిడ వెనక ఎప్పుడూ ఉండే బీరువాకు బదులు నీలిగీతల దుప్పటి వేలాడుతోంది.

“ఏమే, బాగున్నారా?” అంది అమ్మ.

“బాగున్నామక్కా. వెనక ఆ దుప్పటేంటి?”

“ఉతికి ఆరేశాను.”

“ఇంట్లోనా?”

“బయట దుమ్ము.”

“ఆ శాలువా ఏంటి? ఉక్కపోతకి చచ్చిపోతున్నామని నిన్ననేగా మెసేజ్ పెట్టావు?”

“తలంటుకున్నాను, చలేసింది. నీ ముక్కేంటే అలా ఎర్రబడింది?”

మామూలు రోజైతే పిన్ని ఆ శాలువాను అంత తేలిగ్గా వదిలేది కాదు. ఇవాళ ఎక్కువ అడిగితే ఎక్కువ చెప్పాల్సి వస్తుందని ఊరుకుంది.

“జలుబు చేసేట్టుంది.”

“నోట్లోంచి ఆ పొగేంటి?”

“వేడి వేడి కాఫీ అక్కా.”

“కప్పేదీ?”

“తాగేశాగా, లోపల పెట్టొచ్చాను.”

అమ్మ వెనక నుంచి ఎక్కడో కీచుమని విజిల్ వినబడింది. ఆ వెంటనే పిల్లల కేకలు.

“కుక్కరా?” అంది పిన్ని.

“ఆఁ, కుక్కరే,” అంది అమ్మ గబగబా. “ఆ అరుపులు టీవీ. చిట్టీ, చదువుకుంటున్నావా?”

“చదువుకుంటున్నానమ్మా. ఇప్పుడు కూడా చదువు మధ్యలోనే వచ్చాను,” అంది చిట్టి. ఆ అమ్మాయి చెప్పిన మాటల్లో అది మాత్రం నిజం.

సరిగ్గా అప్పుడే పొద్దుతిరుగుడు పూలు కిందికి ఒక్క గుంజు గుంజుకున్నాయి. చిట్టి ఓరగా చూసింది. కొండ మీద మేసే గొర్రె ఒకటి వచ్చి కర్టెన్ అంచున ఉన్న పువ్వును శ్రద్ధగా నములుతోంది. కర్టెన్ వెనక నాచు మేడమ్ గొర్రె వైపు చూస్తోందే గాని కదలడం లేదు. ఇదీ పద్ధతిలో భాగమేమో అని ఆవిడ సందేహం.

“కర్టెన్ కదులుతోందేంటే?” అంది అమ్మ.

“ఫ్యాను.”

“కాఫీ పొగలు కక్కే చలిలో ఫ్యానా?”

“మీ మరిదిగారికి ఫ్యాను తిరక్కపోతే నిద్రపట్టదు కదక్కా. ఇంకా లేవలేదు.”

“అమ్మా, పుస్తకం తెచ్చుకుంటా,” అని చిట్టి తెరలోంచి కిందికి జారి, మోచేతుల మీద పాక్కుంటూ గొర్రె వైపు వెళ్ళింది. దాన్ని తొయ్యబోతే అది తన గొంతు సవరించుకుంది.

“అదేంటే, ఇంట్లో గొర్రె అరిచింది?” అని పక్క నుంచి అమ్మమ్మ గొంతు వినబడింది. అమ్మమ్మ ఎప్పుడూ తెరలో కనిపించదు, వినబడుతుంది.

“ఫోన్ అమ్మా. ఆయన ఫోన్‌కి ఆ చప్పుడు పెట్టుకున్నారు.”

“నిద్రపోతున్నాడన్నావుగా?”

“ఆయన నిద్రపోతే ఫోన్ మోగదా?”

ఈ సమాధానానికి పిన్నికే ముచ్చటేసింది. ఆ ముచ్చట తీరకముందే చలిగాలికి తట్టుకోలేక కర్టెన్ వెనక నాచు మేడమ్ తుమ్మింది. మామూలు తుమ్ము కాదు, కొండంతా పలికింది.

“ఎవరే అది!”

“ఆయనే,” అంది పిన్ని కళ్ళు మూసుకుని.

“అయ్యో, మరిదిగారికి అంత జలుబు చేసిందా? ఒకసారి ఫోనివ్వు.”

“వద్దక్కా, లోపలి గదిలో పడుకున్నారు, లేవలేరు.”

“ఆయన్ని లేపకు. నేనే ఆయన ఫోన్‌కి చేసి ఇందులోకి కలుపుతానుండు,” అంది అమ్మ. పిన్ని “అక్కా, అక్కా” అంటూనే ఉంది, అక్క కలిపేసింది.

బాబాయి ఎత్తకూడదనే అనుకున్నాడు. ఫోన్ మోగుతూనే ఉంది. ఇప్పుడు ఎత్తకపోతే తర్వాత మేనేజరు ఎత్తాల్సి వస్తుందని గుర్తొచ్చి ఎత్తాడు. తెర మీద కొత్తగా ఒక గడి తెరుచుకుంది. అందులో సోఫా, సోఫాలో బనీనుతో బాబాయి, ఆయన వెనక బోసి కిటికీ, ఆ కిటికీలోంచి ఎదురింటావిడ.

“ఏం మరిదిగారూ, జలుబు చేసిందటగా?”

“నాకా? లేదే,” అన్నాడు బాబాయి. పక్క గడిలో భార్య కళ్ళు చూసి, “అంటే, ఉంది వదినగారూ. ఉందనే అనుకుంటాను,” అని సర్దుకున్నాడు.

“ఇప్పుడే లేచారా?”

“లేదండీ, పొద్దున్నే లే... ఆఁ, ఇప్పుడే.”

“గొర్రె అరుపు పెట్టుకున్నారట ఫోన్‌కి?”

బాబాయి అలవాటుగా దిండు కోసం తడుముకున్నాడు. ఆయనకు అబద్ధమాడటం తప్పని కాదు, తనకు అప్పజెప్పిన అబద్ధమేదో ఆయనకెప్పుడూ జ్ఞాపకముండదు.

“ఒసేయ్,” అంది అమ్మమ్మ గొంతు, “అల్లుడి వెనక కిటికీకి కర్టెన్ ఏదే?”

“అది లోపలి గది కిటికీ అమ్మా.”

“లోపలి గదిలో సోఫా ఎప్పుడొచ్చింది?”

“నిన్ననే జరిపాం.”

“ఆ కిటికీ గట్టు మీద కుండీ హాల్లోది కదూ?”

“దాన్నీ జరిపాం.”

“ఎదురింటావిణ్ణి కూడా జరిపారా? ఆవిడ హాల్లోంచే కనిపిస్తుందని నువ్వే కదే చెప్పావు,” అంది అమ్మమ్మ.

బాబాయి వెనక్కి తిరిగి ఎదురింటావిడను చూశాడు. ఎదురింటావిడ బాబాయిని చూసి పక్కకు తప్పుకుంది.

“చిట్టి ఏది?” అంది అమ్మ. ఆవిడ గొంతు మారింది. “ఒసేయ్, లేచి ఆ కర్టెన్ పక్కకి జరుపు. నీ వెనక కిటికీ చూడాలి నేను.”

“ఎండ పడుతుందక్కా...”

“జరుపు.”

జరపాల్సిన పని లేకపోయింది. అంతసేపూ ఉండీ ఉడిగీ వీస్తున్న గాలి ఒక్కసారి కొండ కింద నుంచి లేచి కర్టెన్‌ను పొట్టలా ఉబ్బించింది. చెట్టు వైపు క్లిప్పులు టపటపా ఎగిరిపోయాయి. నాచు మేడమ్ పవిత్రమైన గుడ్డను వదలకూడదని కర్రను గట్టిగా పట్టుకుని, దాని వెంట నాలుగడుగులు పరిగెత్తింది. రెండో వైపు గొర్రె కూడా తన పువ్వును వదల్లేదు. చివరికి కర్ర నుంచి గుడ్డ జారిపోయింది, గొర్రె నోట్లో పువ్వు ముక్క మిగిలింది. పొద్దుతిరుగుడు పూలన్నీ ఒక్కసారి విచ్చుకుని ఆకాశంలోకి లేచాయి.

“నా కర్టెన్!” అని పిన్ని వెనక్కి దూకింది.

ఆవిడ అడుగు పడినచోట వాలుగా ఉన్న పెద్ద బండ, బండ నిండా తడి నాచు. పిన్ని కాళ్ళు ఆవిడతో చెప్పకుండా వెళ్ళిపోయాయి. కిందికి జారుతున్న పిన్ని జబ్బను చటుక్కున ఒక చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా గొర్రె పక్కన బోర్లా పడుకున్న చిట్టి, ఒక మోకాలు రాతి సందులో ఇరికించి, బరువంతా వెనక్కి వేసి కూర్చుంది.

“పిన్నీ, కిందికి చూడకు. నా మొహం చూడు,” అంది. ఆ గొంతులో కంగారు లేదు. “ఎడం కాలు పక్కకి పెట్టు. అక్కడ కాదు, అది పచ్చగా ఉంది, జారుతుంది. ఆ బూడిదరంగు రాయి మీద. అదీ. ఇప్పుడు రెండోది. తొందరేం లేదు. ఆ, ఇంక ఇలా కూర్చో.”

పిన్ని కూర్చుంది. చిట్టి ఆవిడను వదలకుండా పక్కనే కూర్చుంది. రెండు రాళ్ళ మధ్య ఫోన్ ఎక్కడిదక్కడే ఉండి ఇదంతా చూపించింది. ఆకాశం, లోయ, గొర్రె, టోపీలు తీసి చేతులు కట్టుకుని నిలబడ్డ విద్యార్థులు, కర్ర ఎత్తిపట్టుకుని దిక్కులు చూస్తున్న నాచు మేడమ్, ఏదీ వదల్లేదు.

“చిట్టీ!” అని అరుస్తూ అమ్మ లేచి నిలబడింది. శాలువా జారిపోయింది. శాలువా కింద మోకాళ్ళ దాకా నల్లటి ఈత బట్టలున్నాయి.

“నా చేతులు పడిపోయాయే, ఇంక నావల్ల కాదు,” అంది నాన్న గొంతు. నీలిగీతల దుప్పటి కిందపడింది. దాని వెనక రెండు చేతులూ పైకెత్తి నాన్న. నాన్న వెనక నీలంగా, విశాలంగా, ఆ చివర నుంచి ఈ చివర దాకా నీళ్ళు. ఆ నీళ్ళలో రబ్బరు ట్యూబులు వేసుకున్న పిల్లలు. గట్టు మీద విజిల్ మెడలో వేసుకున్న మనిషి.

“అమ్మా, మీ బ్యాచ్ టైము అయిపోతోంది. మళ్ళీ దిగుతారా, దిగరా?” అన్నాడా మనిషి.



“అంటే,” అంది పిన్ని నెమ్మదిగా, “కుక్కర్ కాదన్నమాట.”

ముందుగా నవ్వింది అమ్మమ్మ. ఫోన్ చేతిలోకి తీసుకుని మొదటిసారి తెరలో కనిపించింది. “చిన్నప్పుడు కుండ పగలగొట్టి నా చీర అడ్డం పెట్టింది పెద్దది. చీర చించేసి దుప్పటి అడ్డం పెట్టింది చిన్నది. అప్పుడూ ఇద్దరూ ఒకేసారి దొరికారు,” అంది.

“మోకాళ్ళ నొప్పులకి నీళ్ళలో నడవమన్నాడే డాక్టరు,” అంది అమ్మ ఎవరి వైపూ చూడకుండా. “నడవడానికే వచ్చాను. నడుస్తూ నడుస్తూ ఉంటే తేలడం వచ్చేసింది. తేలాక ఊరుకోబుద్ధి కాలేదు. పిల్లని నీళ్ళ దగ్గరికి పోవద్దని పంపి, నేనిలా దిగానంటే ఏం బాగుంటుంది? ఈ వారం మా బ్యాచ్ టైము మార్చారు. ఫోన్ చెయ్యకపోతే మీరు కంగారుపడతారని...”

“మేమూ అంతేనక్కా. ఎత్తకపోతే నువ్వు కంగారుపడతావని,” అంది పిన్ని. ఆవిడ ఇంకా చిట్టి చెయ్యి వదల్లేదు.

చిట్టి తల వంచుకుంది. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. “అమ్మా, ఇవాళ నాచు తీసుకెళ్ళకపోతే పరీక్ష రాయనివ్వరు. నీకు చెబితే పంపవని చెప్పలేదు. టికెట్ కొంటానంటే కొను. కానీ ఈ కవర్లు అప్పజెప్పి, పరీక్ష రాశాక వస్తాను,” అంది.

అమ్మ ఫోన్ మీదికి వంగింది.

“ఆ చెయ్యి చూపించు,” అంది.

“ఏ చెయ్యి?”

“విరిగిన చెయ్యి.”

చిట్టి కుడిచెయ్యి ఫోన్ ముందుకు చాపింది. అరచెయ్యంతా పచ్చగా ఉంది. గోళ్ళలో మట్టి ఉంది.

“దీంతోనేగా పిన్నిని పట్టుకున్నావు?”

“అవునమ్మా.”

“నొప్పి పుట్టిందా?”

“లేదు.”

అమ్మ శాలువా తీసి మళ్ళీ కప్పుకోబోయి, మానేసి, మడత పెట్టి నాన్న చేతికిచ్చింది. విజిల్ మనిషి వైపు తిరిగి ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించింది. తర్వాత, కూర ఏం వండాలో చెప్పినంత మామూలుగా అందరికీ చెప్పింది. “చిట్టి చదువు అదే. కొండలూ అవే. వచ్చే ఆదివారం నుంచి ఎవరెక్కడుంటే అక్కణ్ణుంచే మాట్లాడదాం. నాకు కొండ చూపించండి, నేను నీళ్ళు చూపిస్తాను. దుప్పట్లూ కర్టెన్లూ వద్దు.”

పిన్ని ముక్కు చీదుకుంది. ఈసారి జలుబు నిజంగానే పట్టింది. ఏదో గొప్ప ఘట్టం పూర్తయిందని అర్థమై నాచు మేడమ్ మెల్లగా చప్పట్లు కొట్టింది. విద్యార్థులు కూడా కొట్టారు. గొర్రె నములుతూనే ఉంది.

“అయితే కర్టెన్ రాదా?” అన్నాడు బాబాయి.

చిట్టి లోయ వైపు చూసింది. చాలా కింద, ఎవరూ ఎక్కలేని ఒక చెట్టు కొన మీద పొద్దుతిరుగుడు పూలు పూసి ఉన్నాయి. “రాదు బాబాయ్,” అంది.

బాబాయి గొంతు సవరించుకుని, కుటుంబమంతా వింటుండగా, “ఇక నుంచి నేను ఆదివారాలు కూడా చొక్కా వేసుకుంటాను,” అని నెమ్మదిగా ప్రకటించాడు.

ఆయన వెనక కిటికీలో ఎదురింటావిడ అప్పటికే స్టూలెక్కి తన కిటికీకి కర్టెన్ కట్టుకుంటోంది.